పిల్లిగారి కచేరీ

ఎవరైనా జారిపడితే నవ్వకూడదని మనందరికీ చిన్నప్పుడే చెప్పారు. నవ్వితే నెత్తిన వొక మొట్టికాయ వేసి మరీ చెప్పారు. అయినా అరటితొక్క మీద కాలేసి జర్రున జారే పెద్దమనిషిని చూస్తే నవ్వు ఆగదు కదా! ఆయన లేచి పంచె దులుపుకున్నాక "దెబ్బ తగిలిందా అండీ?" అని అడుగుతాం. అదీ చెంగు నోటికి అడ్డం పెట్టుకునే. ఎదుటివాడి నొప్పిని చూసి నవ్వడం తప్పా, కాదా అన్నది పెద్ద పెద్ద పండితులు తర్కించుకున్న విషయం. నేను అంత దూరం పోను. ఏడున్నర నిమిషాల బొమ్మల సినిమా వొకటుంది, దాని దగ్గరే ఆగుతాను. అందులో వొక పిల్లి పియానో వాయిస్తుంది. అంతే కథ.

టామ్, జెర్రీలని మీకు పరిచయం చెయ్యక్కర్లేదు. 1940లో అమెరికాలోని ఎం.జి.ఎం. స్టూడియోలో విలియం హానా, జోసెఫ్ బార్బెరా అనే ఇద్దరు కలిసి మొదలుపెట్టిన పిల్లీ ఎలుకా అవి. 1958 దాకా వాళ్ళిద్దరూ 114 చిట్టి చిత్రాలు తీశారు. వాటిలో ఏడింటికి ఆస్కార్ బహుమతులు వచ్చాయి. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చాక, చందమామని చూపించి గోరుముద్దలు పెట్టే తల్లులు టామ్‌ని చూపించి పెట్టడం మొదలుపెట్టారు. దాన్ని గురించి విచారించే వాళ్ళు ఇప్పటికే చాలామంది వున్నారు గనక నేను విచారించను. ఎందుకంటే పెడుతూ పెడుతూ మనమూ చూశాం. ముద్ద చేతిలోనే ఆరిపోయి, "అమ్మా, పెట్టూ!" అని పిల్లవాడే గుర్తుచెయ్యవలసి వచ్చిన సందర్భాలు మీకూ వుండే వుంటాయి.

ఆ ఏడు బహుమతుల్లో వొకటి తెచ్చుకున్నది "ది క్యాట్ కన్సర్టో" అనే చిత్రం. 1947లో విడుదలైంది. నల్లకోటు వేసుకుని టామ్ వేదిక మీదికి వస్తాడు. ఆ నడక చూడాలి! మన సభల్లో వుత్తరీయం సర్దుకుంటూ వచ్చే పెద్ద విద్వాంసుడి ఠీవి వుంటుంది అందులో. కూర్చుంటాడు. కళ్ళు అరమోడుస్తాడు. ఫ్రాంజ్ లిస్ట్ అనే హంగేరీ దేశపు సంగీతకారుడు 1847లో కట్టిన రెండో హంగేరియన్ రాప్సొడీ అందుకుంటాడు. మొదట్లో గంభీరంగా, ఆచితూచి, వొక్కొక్క స్వరం బరువుగా పడుతుంది.

పియానోలో మెట్టు నొక్కితే లోపల వొక చిన్న సుత్తి లేచి తీగని కొడుతుంది. చిక్కల్లా ఇక్కడే వచ్చింది. ఆ సుత్తుల మీద జెర్రీ పక్క వేసుకుని హాయిగా నిద్రపోతున్నాడు. టామ్ మెట్టు నొక్కినప్పుడల్లా జెర్రీ గాల్లోకి ఎగిరి పడతాడు. నిద్ర చెడిపోయిన వాడికి కోపం రావడం సహజం. ఇక మొదలు. మెట్ల మీది మూత ధడాలున వేళ్ళ మీద పడుతుంది. మెట్టుండవలసిన చోట ఎలుకలబోను వచ్చి కూర్చుంటుంది. వాయిస్తున్న వేలు అందులో పడుతుంది. టామ్ వొక చేత్తో ఎలుకని పట్టుకోబోతాడు, రెండో చేత్తో వాయిస్తాడు. రెండు చేతులూ కావలసి వచ్చినప్పుడు పాపం కాళ్ళతో వాయిస్తాడు! ఎదురుగా సభ కూర్చుని వుంది మరి. పాట ఆగకూడదు.

ఆగదు కూడా. అన్ని దెబ్బలు తగిలినా లిస్ట్ గారి రాప్సొడీలో వొక్క స్వరం పోదు. చివరికి జెర్రీ ఆ సుత్తులు రెండు విరిచి చేతపట్టుకుని తనే తీగల్ని వాయించడం మొదలుపెడతాడు. వేగం హెచ్చుతుంది. అయిపోయిందనుకుంటే మళ్ళీ మొదలు, ఇంకోసారి అయిపోయిందనుకుంటే మళ్ళీ మొదలు. దానికి తగ్గట్టు వాయించలేక, వాయించకుండా వుండలేక టామ్ బట్టలు చిరిగి, జుట్టు రేగి, మెట్ల మీద వాలిపోతాడు. చప్పట్లు మారుమోగుతాయి. దీపం వెలుగు జెర్రీ మీద పడుతుంది. జెర్రీ వంగి నమస్కారం చేస్తాడు.

ఇందులో తప్పెవరిది? నిద్రపోయేవాడిని లేపింది టామ్. కాని లోపల వొకడు పడుకుని వున్నాడని అతనికి తెలియదు. జెర్రీది ఇల్లు, టామ్‌ది వృత్తి. ఇద్దరిదీ న్యాయమే. మన ఉమ్మడి కుటుంబాల తగవులన్నీ ఇలాంటివే కదా, ఎవరి వైపు నుంచి వింటే వాళ్ళదే సబబుగా వుంటుంది. అందుకే ఇందులో దుర్మార్గుడి కోసం వెతకడం దండగ. నన్ను వేధించే ప్రశ్న వేరు. ఎలుకలబోనులో వేలు పడితే ప్రాణం పోయినంత నొప్పి. అది చూసి మనం ఎందుకు నవ్వుతున్నాం?

హెన్రీ బెర్గ్‌సన్ అనే ఫ్రెంచి తత్త్వవేత్త 1900లో నవ్వు మీద వొక చిన్న పుస్తకం ప్రకటించాడు. నవ్వు రావాలంటే గుండెకి కాసేపు మత్తుమందు ఇవ్వాలి అన్నట్టుగా చెప్పాడాయన. జాలి మేలుకుని వుంటే నవ్వు రాదట. మన భరతుడేమో రౌద్రంలోంచి కరుణ పుడుతుందన్నాడు. టామ్ రౌద్రంలోంచి మాత్రం ఎప్పుడు చూసినా హాస్యమే పుడుతుంది! ఇంతకీ మన గుండెకి ఆ మత్తుమందు ఇస్తున్నది ఎవరు?

దీనికి జవాబు నాకు పుస్తకాల్లో దొరకలేదు. మా పిన్ని దగ్గర దొరికింది. పిన్నికి డెబ్భై దాటాయి. మనవడి పక్కన కూర్చుని ఈ చిత్రం చూస్తోంది. వాడు కిందపడి దొర్లుతున్నాడు నవ్వలేక. నేనూ నవ్వుతున్నాను. పిన్ని మాత్రం కళ్ళజోడు పైకి తోసుకుని, "పాపం, వాడికి మధ్యలో ఆపడానికి లేదే అమ్మడూ" అంది.

"ఆపితే ఏమవుతుంది పిన్నీ, బొమ్మే కదా!" అన్నాను.

"బొమ్మైతే మాత్రం? ఎదురుగుండా అంతమంది కూర్చున్నారు" అంది. కాసేపాగి, "మీ బాబాయి వాళ్ళు నన్ను చూడ్డానికి వచ్చినరోజు పొద్దున్నే కత్తిపీట మీద వేలు తెగింది. ఎడమచేతి చూపుడు వేలు. తీగ నొక్కే వేలు. గుడ్డ కడితే కనిపిస్తుందని మా అమ్మ విప్పేసింది. మోహన వర్ణం వాయించాను. వేలు బావుందన్నారు గాని తెగిందని వొక్కళ్ళకి తెలియలేదు" అంది.

వైణికుల భాషలో వేలు బావుందంటే వాయింపు బావుందని. పిన్ని అది చెప్పి తనే నవ్వింది. ఆ తర్వాత మనవడి చొక్కా సర్దింది. నేను ఆ చిత్రాన్ని మళ్ళీ పెట్టించుకుని చూశాను. ఈసారి జెర్రీని చూడలేదు. టామ్ ముఖమే చూశాను. నొప్పంతా ఎలుక వైపు తిరిగిన ముఖంలో వుంది. సభ వైపు తిరగ్గానే అదే ఠీవి, అవే అరమోడ్పు కళ్ళు.

అప్పుడు తట్టింది నాకు. మత్తుమందు ఆ సంగీతమే. వేలు బోనులో పడిన క్షణం, తాళంలో సరిగ్గా దెబ్బ పడవలసిన క్షణం వొకటే. ఆ కెవ్వుమన్న కదలిక పాటలో వొక అక్షరమై కూర్చుంటుంది. వొక్క క్షణం అటూ ఇటూ అయితే మనకి జాలి వేసేది. తాళం మీద పడింది గనక చప్పట్లు కొట్టబుద్ధి అయింది. తాళం తప్పని బాధ చూసేవాళ్ళకి బాధలా కనిపించదు.

ఇది కాకతాళీయంగా కుదిరింది కాదు సుమండీ. దాని వెనక పెద్ద లెక్క వుంది. సినిమా ఫిల్ము సెకనుకి 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య 12 ఫ్రేములు పెట్టుకుంటే నిమిషానికి 120 దెబ్బల నడక వస్తుంది. పిల్లి అడుగు ఎన్నో ఫ్రేములో నేల తాకాలో, ఎన్నో ఫ్రేములో మూత పడాలో బొమ్మ గీయకముందే కాగితం మీద గళ్ళు గీసి రాసుకునేవారు. ఈ విద్యకి ఆద్యుల్లో వొకడు కార్ల్ స్టాలింగ్. మూకీ సినిమాల రోజుల్లో కాన్సస్ సిటీలోని హాల్లో ఆర్గన్ వాయించేవాడు. తెరమీద గుర్రం పరిగెత్తితే పరుగు, కథానాయిక కన్నీరు పెడితే కన్నీరు, అప్పటికప్పుడు వేళ్ళతో పలికించిన మనిషి. అలాంటివాడికి బొమ్మ ముందా, పాట ముందా అన్న సందేహం రావడంలో వింతేముంది? బొమ్మ ముందని వాల్ట్ డిస్నీ, పాట ముందని స్టాలింగ్. ఇద్దరూ వాదులాడుకుని రాజీకి వచ్చారు. మిక్కీ మౌస్ చిత్రాల్లో బొమ్మ వెనక పాట నడిచేటట్టు, పాట వెనక బొమ్మ నడవడానికి వేరే వొక వరస తీసేటట్టు. ఆ వరస పేరు సిల్లీ సింఫనీలు. మొదటిది 1929లో వచ్చిన "ది స్కెలిటన్ డాన్స్". అర్ధరాత్రి శ్మశానంలో నాలుగు అస్థిపంజరాలు లేచి గంతులు వేస్తాయి. వొకటి ఇంకోదాని వెన్నెముక మీద ఎముకలతో వాయిస్తుంది. చావు కూడా తాళంలో పడితే వేడుకే! వాద్యకారులు లయ తప్పకుండా చెవుల్లో టిక్కు టిక్కుమనే చప్పుడు వింటూ వాయించే పద్ధతి కూడా స్టాలింగ్ తెచ్చిందే.

1935లో డిస్నీ వాళ్ళే తీసిన "ది బ్యాండ్ కన్సర్ట్" చూశారా? రంగుల్లో వచ్చిన మొదటి మిక్కీ చిత్రం. పార్కులో మిక్కీ తన బ్యాండుకి రొస్సీనీ సంగీతం నడిపిస్తూంటాడు. డొనాల్డ్ బాతు పిల్లనగ్రోవి తెచ్చి ఏదో పల్లెపాట వాయిస్తూ అడ్డం తగులుతుంది. ఆ తరువాత సుడిగాలి వస్తుంది. జనం పారిపోతారు. బెంచీలు, చెట్లు, ఇళ్ళు, చివరికి బ్యాండు మొత్తం గాల్లోకి లేచిపోతుంది. మిక్కీ చెయ్యి ఆగదు. గిరగిరా తిరుగుతూ, తలకిందులవుతూ వాళ్ళంతా వాయిస్తూనే వుంటారు. నిజం చెప్పాలంటే సుడిగాలి కూడా ఆ పాటలో తుపాను రావలసిన చోటే వస్తుంది! చివరికి చెట్టుకొమ్మలకి వేలాడుతూ ఆఖరి స్వరం పూర్తిచేస్తారు. వినడానికి మిగిలినవాడు డొనాల్డ్ వొక్కడే.

దాన్ని చూసినప్పుడు నవ్వుతో పాటు గొంతులో ఏదో అడ్డం పడుతుంది నాకు. ఇంట్లో ఎవరికో జబ్బు, పనిమనిషి రాలేదు, సాయంత్రం చుట్టాలు. అయినా ఎనిమిదింటికి కారియర్లు సర్ది వుంటాయి, పదకొండింటికి దేవుడి దగ్గర దీపం వెలుగుతూ వుంటుంది. చూసేవాళ్ళకి అంతా శ్రుతిలో వున్నట్టే. "మీ ఇంట్లో పని ఎంత చక్కగా జరిగిపోతుందండీ!" అంటారు. జరిగిపోతుందట! కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్ళెం అంచు మీద పాదాలు పెట్టి, నెత్తిన నీళ్ళ చెంబు పెట్టుకుని నవ్వుతూ ఆడుతుంది. ఆ అరికాళ్ళు ఎలా వుంటాయో ఎవరైనా అడిగారా? అడగం. అడిగితే రసభంగం.

అలాగని సంగీతం ఎప్పుడూ బాధని దాచే పనే చేస్తుందనుకోకండి. లేని బాధని తెచ్చిపెట్టడం కూడా దానికి చేతనవును. 1957లో చక్ జోన్స్ తీసిన "వాట్స్ ఆపెరా, డాక్?" అందుకు సాక్ష్యం. శిరస్త్రాణం పెట్టుకున్న వేటగాడు ఎల్మర్, ఆడవేషం కట్టిన బగ్స్ బన్నీ కుందేలు, వెనక జర్మన్ మహానుభావుడు వాగ్నర్ సంగీతం. మోసం తెలిసి ఎల్మర్ పిడుగులు రప్పిస్తాడు. కుందేలు పడిపోతుంది. అది చూసి తనే కుమిలిపోయి, ఆ కుందేలుని రెండు చేతుల మీద ఎత్తుకుని వెళతాడు. అన్ని చిత్రాలుగా చంపాలని తిరిగినవాడు! ఆ సంగీతానికి మన కళ్ళు చెమరుస్తాయి. అప్పుడు కుందేలు తల ఎత్తి, ఆపెరా అన్నాక సుఖాంతం వుంటుందనుకున్నారా అన్నట్టు మనల్నే ఎద్దేవా చేస్తుంది. దెబ్బ తగలనివాడికి ఏడ్చాం, తగిలిన టామ్‌కి నవ్వాం. రెండుచోట్లా మనల్ని నడిపించింది పాటే.

ఇంతకీ టామ్ కష్టం టామ్‌ది కాదు, బొమ్మలు గీసిన వాళ్ళది. ఇక్కడ నాకు ఆసక్తి కలిగించే భాగం వుంది, కాస్త ఆగి చెబుతాను.

చిత్రకారుడు పెన్సిలుతో కాగితం మీద బొమ్మ వేస్తాడు. దాన్ని సెల్యులాయిడ్ అనే పారదర్శకమైన పలక మీదకి ఇంకుతో ఎత్తి రాయాలి. తరువాత పలక తిప్పి, వెనకవైపు గీతల మధ్య రంగు నింపాలి. ఆ పలకని నేపథ్యం మీద పెట్టి ఫోటో తీస్తారు. ఏడు నిమిషాల చిత్రానికి ఫ్రేములు లెక్కవేస్తే 10,080. వొకే బొమ్మని రెండేసి ఫ్రేములకి వాడుకున్నా, తెరమీద ఇద్దరు ముగ్గురున్నప్పుడు ఎవరి పలకలు వాళ్ళకే కావాలి గనక వేలకి వేలే. ఈ ఇంకు పని, రంగు పని అమెరికా స్టూడియోల్లో చాలావరకు ఆడవాళ్ళు చేశారు. పలక మీద వేలిముద్ర పడకుండా చేతికి తెల్లటి నూలు తొడుగు, కలం పట్టుకునే వేళ్ళ దగ్గర మాత్రం కత్తిరించుకుని. గీత వొక్క వూపులో పడాలి. చెయ్యి వణికితే తెరమీద పిల్లి మీసం వణుకుతుంది. ముగ్గు వేసే చేతులకి ఈ సంగతి వేరే చెప్పాలా!

డిస్నీ స్టూడియో 1938లో, బొమ్మల పని నేర్చుకుంటానని రాసిన వొక అమ్మాయికి ఇచ్చిన జవాబు ఇప్పటికీ అందరూ చూస్తూనే వున్నారు. సృజనాత్మకమైన పనంతా యువకులే చేస్తారు, ఆడపిల్లలకి ఇంకూ రంగూ పని తప్ప మరేదీ లేదు అని దాని సారాంశం. కాగితం మీద స్నో వైట్ బొమ్మ, అడుగున సంతకం కూడా వొక స్త్రీదే. మినహాయింపులు లేకపోలేదు. 1942 నాటి "బాంబి"లో వేటకుక్కలు లేడిని తరిమే భయంకరమైన దృశ్యం వుంది. ఆ కుక్కల్ని కదిలించింది రెట్టా స్కాట్ అనే ఆవిడ. ఆ సినిమాలో కెల్లా కర్కశమైన ఘట్టం ఆడదాని చేతిలోంచి వచ్చిందని తెలిసినప్పుడు నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. కాని ఇంకు పెట్టిన వాళ్ళ పేర్లు ఆ చిట్టి చిత్రాల టైటిళ్ళలో వెతికినా దొరకవు. 1941లో డిస్నీ కళాకారులు సమ్మె చేసినప్పుడు వాళ్ళ ఫిర్యాదుల్లో పేర్లు వెయ్యకపోవడం కూడా వొకటి. 1961లో "101 డాల్మేషియన్లు" వచ్చేనాటికి పెన్సిలు బొమ్మని యంత్రమే పలక మీదకి ఎక్కించేస్తోంది. కలం పట్టిన చేతులకి పని తగ్గిపోయింది.

వాళ్ళ చెయ్యి వణికి వుంటే, మీసం వొకటి వంకరపోయి వుంటే, దీన్ని ఎవరో గీశారని మనకి గుర్తొచ్చేది. వణకలేదు గనక పిల్లి దానంతట అదే నడిచిందనుకున్నాం. పిన్ని వర్ణం లాగే.

"ఇదంతా తెలిశాక ఆ చిత్రం చూసి నవ్వగలమా?" అని మా స్నేహితురాలు వొకావిడ అడిగింది. ఆవిడకి ప్రతిదాంట్లోనూ అన్యాయం వెతకడం అలవాటు, నాకు ఆవిడంటే ఇష్టమే. నవ్వగలం. నేను నవ్వుతున్నాను. ఎందుకని నిలదీస్తే, జెర్రీనే అడగమంటాను.

1953లో వచ్చిన "జోహాన్ మౌస్" అనే చిత్రంలో జెర్రీ వియన్నా నగరంలో, వాల్ట్జ్‌లు కట్టిన జోహాన్ స్ట్రౌస్ గారి ఇంట్లో కాపురముంటాడు. ఆయన పియానో వాయించినప్పుడల్లా జెర్రీ కన్నంలోంచి బయటికి వచ్చి నాట్యం చేస్తాడు. బయట పిల్లి కాచుకుని వుందని వాడికి బాగా తెలుసు. అయినా కాళ్ళు ఆగవు! వొకసారి స్ట్రౌస్ గారు వూరికి వెళతారు. పాట లేదు, ఎలుక రాదు. టామ్‌కి పిచ్చెక్కినంత పనవుతుంది. ఆఖరికి వొక పుస్తకం సంపాదించి, ఆరు పాఠాల్లో వాల్ట్జ్ వాయించడం నేర్చుకుంటాడు. ఎలుకని పట్టుకోవడానికి సంగీతం నేర్చుకున్న పిల్లి! ఆ ఎలుక వచ్చి ఆడుతుంది. పనివాళ్ళు చూస్తారు, ఆ నోటా ఈ నోటా పాకి సంగతి చక్రవర్తి దాకా వెళ్తుంది. ఇద్దరికీ రాజసభలో కచేరీ పెడతారు.

దుర్బుద్ధితో నేర్చిన విద్య మనిషిని మారుస్తుందా? ఈ చిత్రం మొహమాటం లేకుండా మార్చదనే చెబుతుంది. రాజసభలో కూడా టామ్ బుద్ధి టామ్‌దే, వాయిస్తూ వాయిస్తూ మళ్ళీ ఎలుక వెంటపడతాడు. నీతికథలు రాసేవాళ్ళైతే అక్కడ పిల్లికి కనువిప్పు కలిగించేవారు. కాని ఆ కాసేపు, చక్రవర్తి ముందు పిల్లి వాయించి ఎలుక ఆడిన ఆ కాసేపు, రెండూ నిజంగా కలిసి ఏదో అందమైన పని చేశాయి. వొకడికి ఆకలి, వొకడికి ప్రాణభయం. రెండూ తాళంలో వున్నాయి. జెర్రీ తెలియక ఆడలేదు, తెలిసే ఆడాడు. నేనూ తెలిసే నవ్వుతున్నాను. కాకపోతే నవ్విన తరువాత పిన్ని వేలు వొకసారి చూస్తున్నాను. మచ్చ ఇంకా సన్నగా వుంది.

పాత చిత్రాలు చూసేటప్పుడు మొదట్లో వచ్చే పేర్లని తోసేసి కథలోకి వెళ్ళిపోవడం మనకి అలవాటు. ఈమధ్య నేను ఆగి చదువుతున్నాను. "ది క్యాట్ కన్సర్టో"కి సరిగ్గా ముందు, 1946లో, వార్నర్ వాళ్ళు "రాప్సొడీ రాబిట్" అని తీశారు. అక్కడా అదే లిస్ట్, అదే రాప్సొడీ. వాయించేది బగ్స్ బన్నీ, పియానోలో ఎలుక! మా ఆలోచన కాజేశారని రెండు స్టూడియోల వాళ్ళూ వొకరి మీద వొకరు విరుచుకుపడ్డారు. అంత తగాదా పడ్డారు గాని, కుందేలు వేళ్ళకి ప్రాణం పోసిన పియానిస్టు యాకోబ్ గింపెల్ పేరు మాత్రం ఆ చిత్రం మీద వెయ్యలేదు. ఏడేళ్ళ తరువాత "జోహాన్ మౌస్"కి ఆయనే వాయించాడు. అందులో ఆయన పేరు వేశారు, చూడొచ్చు. మీసాలకి ఇంకు పెట్టిన వాళ్ళ పేర్లు అందులోనూ లేవు. టామ్ మీసాలు, జెర్రీ మీసాలు, చక్రవర్తిగారి మీసాలు కూడా వాళ్ళే గీశారు.